ఒకే ఒక్క లైన్లో 27 ఏళ్లు

సంపాదకులకు నమస్కారం.

నర్సుల కొరత మీద మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక లెక్కన 2023 నాటికి ప్రపంచమంతటా ఉన్న నర్సులు 2 కోట్ల 98 లక్షల మంది. ఇంకా 58 లక్షల మంది కావాలి. కొత్తవాళ్లను ఎలా తయారుచేయాలి, ఉన్నవాళ్లు మానేయకుండా ఎలా చూసుకోవాలి అని అందరూ మాట్లాడుతున్నారు. మాట్లాడాల్సిందే. కానీ చేతనైనంత కాలం చేసి, ఒళ్లు సహకరించక వార్డు వదిలి వచ్చేసినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. యాభై దాటాక వాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు? ఏ పని దొరుకుతోంది? అలా వచ్చేసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

27 ఏళ్లు నర్సుగా చేశాను. మొదట మెడికల్ వార్డు, తర్వాత ఐసీయూ, చివరి ఆరేళ్లు వార్డు ఇన్‌ఛార్జ్. 51వ ఏట ఒక నైట్ డ్యూటీలో, మంచం మీద కిందికి జారిపోయిన ఒక భారీ మనిషిని షీటు పట్టుకుని ఇద్దరం పైకి లాగుతుంటే నడుములో ఏదో పట్టేసింది. ఎడమ కాలి బొటనవేలి దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగింది. తెల్లారేదాకా మంచాల రెయిలింగులు పట్టుకుని నడిచాను. పొద్దున హ్యాండోవర్ కూడా, అంటే రోగుల సంగతులు తర్వాతి డ్యూటీవాళ్లకు అప్పజెప్పడం, నిలబడే చేశాను, ఎందుకంటే కూర్చుంటే మళ్లీ లేవగలనన్న నమ్మకం లేదు. స్కానింగులో ఎల్4, ఎల్5 మధ్య డిస్క్ జారిందని తేలింది. బరువులు ఎత్తొద్దు, వంగొద్దు అన్నారు డాక్టరు. ఎత్తకుండా, వంగకుండా వార్డు నర్సు చేసే పని ఏముంటుంది? బరువు పనిలేని డ్యూటీ ఏదైనా ఇమ్మని అడిగాను. అలాంటి పోస్టు లేదన్నారు. నాలుగు నెలలు నడుముకు బెల్టు కట్టుకుని ఈడ్చి, రాజీనామా ఇచ్చాను.

మానేశాక చాలాకాలం రాత్రి 2 గంటలకు మెలకువ వచ్చేసేది. లేవలేని రోగులను పక్కకు తిప్పే వేళ అది. పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి తిప్పుతాం. లేచి కూర్చుని, తిప్పాల్సినవాళ్లు ఎవరూ లేరని గుర్తొచ్చి, మళ్లీ పడుకునేదాన్ని.

ఆ తర్వాత ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు తిరిగాను. చివరికి చేతికొచ్చిన కాగితంలో ఉన్నది ఒక్క వాక్యం: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు స్టాఫ్ నర్సుగా పనిచేశారు, ప్రవర్తన సంతృప్తికరం. ఇన్‌ఛార్జ్ అన్న మాట కూడా లేదు. అడిగితే ఫార్మాట్ అంతే మేడమ్ అన్నారు. అందరికీ ఇచ్చేది అదేనట. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ నేను చేసిన పని ఒక్కటీ లేదు.

ఆ కాగితం పట్టుకునే 14 నెలలు తిరిగాను. ఇళ్లకు నర్సులను పంపే ఏజెన్సీవాళ్లు మర్నాడే రమ్మన్నారు. అక్కడా మనిషిని ఎత్తాలి, తిప్పాలి. ఇంకోచోట ఫైలు తెరవకముందే వయసు అడిగారు, చెప్పాక ఇక తెరవలేదు. ఒక క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్‌కి చిన్నపిల్లలే కావాలన్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఎంతో మర్యాదగా మాట్లాడిన ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న. హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నాడు, మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. రెజ్యూమె చదివి, "మేడమ్, నర్సింగ్ తప్ప ఇంకేమైనా చేశారా?" అన్నాడు. "లేదండీ" అన్నాను. అతని తప్పేమీ లేదు. నా రెజ్యూమె కూడా ఆ సర్టిఫికెట్ లాగే ఒక్క లైన్‌తో ఉంది. కానీ నేనన్న "లేదండీ" అన్న మాట ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

నా కూతురు ఆ సాయంత్రం నోట్‌బుక్ తీసుకుని నా ఎదురుగా కూర్చుంది. "అమ్మా, ఉద్యోగం గురించి చెప్పకు. ఏదైనా ఒక్క రాత్రి డ్యూటీ మొదటి నుంచి చివరిదాకా చెప్పు. ఏదీ వదలకు" అంది. ఏ రాత్రి చెప్పనని అడిగితే, గుర్తున్న రాత్రి చెప్పమంది.

రాత్రి 8 గంటల హ్యాండోవర్‌తో మొదలుపెట్టాను. 30 మంచాలు, ఇద్దరం నర్సులం. లాకర్ తెరిచి నొప్పి తగ్గించే మత్తుమందులు మార్ఫిన్, ఫెంటనిల్ ఆంపూల్స్ ఒక్కొక్కటి లెక్కపెట్టి, పగటి నర్సు, నేను రిజిస్టర్‌లో సంతకాలు చేశాం. ఎమర్జెన్సీ ట్రాలీ చూశాను. గొంతులోకి చూసే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందా, అడ్రినలిన్ ఎక్స్‌పైరీ ఎప్పుడు, సక్షన్ లాగుతోందా. నాతో ఉన్నది మూడు నెలల కిందట చేరిన అమ్మాయి, కాబట్టి సీరియస్ కేసులున్న వరసను నేను తీసుకున్నాను. కూతురు రాసుకుంటూనే ఉంది. ఇవన్నీ రాయాల్సినవేనా అని నాకు అనుమానం.

ఆరో నంబరు మంచం మీద న్యుమోనియాతో చేరిన పెద్దాయన ఉన్నారు. రెండో రోజు. జ్వరం దిగింది, మానిటర్‌లో ఆక్సిజన్ బాగానే ఉంది. 10 గంటలకు చూసినప్పుడు కులాసాగా మాట్లాడారు. ఒంటిగంటకు అటుగా వెళ్తుంటే దుప్పటి అంచును వేళ్లతో లాగుతున్నారు. పేరు అడిగితే చెప్పారు గానీ, కాస్త ఆలస్యంగా చెప్పారు. నేను ఆయన ఛాతీ వైపు చూస్తూ గడియారం పట్టుకుని నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టాను. 28. పది గంటలప్పుడు 20. చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. బీపీ చూస్తే పైది 96కి వచ్చింది. వెంటనే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాను. ఇప్పుడేం జరుగుతోంది, ఇంతకుముందు ఎలా ఉన్నారు, నా అంచనా ఏమిటి, మీరేం చేయాలి, ఈ వరసలోనే చెప్పాను. రక్తంలోకి ఇన్ఫెక్షన్ వెళ్లిందనుకుంటున్నాను, మీరు ఇప్పుడే రావాలి అని. ఆయన వచ్చారు. 3 గంటలలోపే ఐసీయూకి మార్చాం.

కూతురు పెన్ను ఆపింది. "మానిటర్ బాగానే ఉందని చూపిస్తుంటే నువ్వెందుకు లెక్కపెట్టావు?"

"దుప్పటి లాగుతున్నారు కదే."

ఈ మాట అంటుంటేనే నాకూ అర్థమైంది. ఆ దుప్పటి అంచును చూడటం నాకు ఎవరూ నేర్పలేదు, ఏ కాగితంలోనూ లేదు. కానీ మనిషి మెల్లగా దిగజారుతున్నప్పుడు చాలాసార్లు మొదట మారేది శ్వాసే. నిమిషం పాటు నిలబడి లెక్కపెట్టే ఓపిక ఉంటే తెలుస్తుంది. వందల కొద్దీ రాత్రులు చూస్తేనే ఆ చూపు వస్తుంది.

ఆ రాత్రి ఇంకా అయిపోలేదు. డాక్టరు రాలేదని కారిడార్‌లో అరుస్తున్న ఒక కొడుకును పక్కకు తీసుకెళ్లి, వాళ్ల నాన్నకు ఏ పరీక్ష ఎందుకు ఆగిందో చెప్పి కూర్చోబెట్టాను. నా జూనియర్ తన చేతుల మీదుగా మొదటి మరణం చూసి స్టోర్ రూమ్‌లో ఏడుస్తుంటే పదినిమిషాలు దాని దగ్గర ఉన్నాను, ఆ పదినిమిషాలు దాని మంచాలు కూడా నేనే చూశాను. పొద్దున డ్యూటీకి రావాల్సిన ఒకామె పిల్లాడికి బాగాలేదని ఫోన్ చేస్తే, తెల్లవారుజామున 5 గంటలకు ఇంకొకరిని ఒప్పించి రోస్టర్ సర్దాను. ఇదంతా అయ్యాక కూర్చుని ఒక్కొక్కరి గురించి టైముతో సహా నోట్స్ రాశాను. ఏదైనా తేడా వస్తే కోర్టులో కూడా నిలబడాల్సిన నోట్స్ అవి.

నాలుగు పేజీలు అయ్యాయి. కూతురు వాటిని చదివి పక్కన పేర్లు రాసింది. స్టాకు లెక్క, నాణ్యత తనిఖీ, సిబ్బంది కేటాయింపు, ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, గొడవలు సర్దడం, కొత్తవాళ్లకు శిక్షణ, రికార్డుల నిర్వహణ. ఆఫీసుల్లో వీటిలో ఒక్కోదానికి ఒక్కో మనిషిని పెట్టుకుంటారట. మేం అన్నిటినీ కలిపి డ్యూటీ అంటాం. డాక్టరుకు నేను చెప్పిన ఆ వరసకు కూడా ఎస్‌బార్ అని పేరుంది. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి అది, అక్కడి నుంచి ఆసుపత్రులకు వచ్చింది. జలాంతర్గామిలోంచి వార్డులోకి రాగలిగిన నేర్పు వార్డులోంచి ఆఫీసులోకి ఎందుకు పోదు?

కొత్త రెజ్యూమె రెండు పేజీలకు వచ్చింది. దానితో తిరిగితే ఇంతకుముందు నాకు కనిపించని ఉద్యోగాలు కనిపించాయి. మందుల దుష్ప్రభావాల రిపోర్టులు పరిశీలించేవి, ఇన్సూరెన్స్ క్లెయిములు చూసేవి, క్లినికల్ ట్రయల్స్ సమన్వయం, ఫోన్‌లో ఆరోగ్య సలహా, ఇన్ఫెక్షన్ కంట్రోల్, ఫ్యాక్టరీల్లో ప్రథమ చికిత్స శిక్షణ. అన్నీ నాకు రాలేదు. కొన్నిటికి డిగ్రీ చాలలేదు, కొన్నిటికి కంప్యూటర్ అంతగా రాదు. చివరికి నేను చేరింది మెడికల్ కోడింగ్‌లో. రోగి రికార్డు మొత్తం చదివి, అందులోని జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేయడం ఆ పని. అంతర్జాతీయ జబ్బుల వర్గీకరణలో అధిక రక్తపోటు ఐ10, టైప్ 2 షుగర్ ఇ11. క్లాసులో నా పక్కన కూర్చున్నవాళ్లు నా కూతురి కంటే చిన్నవాళ్లు. వాళ్లు శరీర నిర్మాణం బట్టీ పడుతుంటే నేను టైపింగ్ బట్టీ పట్టాను. వాళ్లు నాకు కీబోర్డు షార్ట్‌కట్‌లు నేర్పారు, నేను వాళ్లకు గుండె గదుల్లో రక్తం ఎటునుంచి ఎటు పోతుందో చెప్పాను. పాఠం ఎం51 దగ్గరికి వచ్చినరోజు కాసేపు ముందుకు పోలేకపోయాను. డిస్క్ సమస్యల కోడ్ అది. నన్ను వార్డు నుంచి బయటికి పంపిన జబ్బు, మూడు అక్షరాల్లో.

పనిలో చేరిన కొత్తలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక వృద్ధురాలి రికార్డు వచ్చింది. ప్రెషర్ అల్సర్, అంటే కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండు, అని డాక్టరు రాశారు గానీ అది ఏ స్టేజ్‌లో ఉందో రాయలేదు. స్టేజ్ తెలియకపోతే ఈ పుండ్లకున్న ఎల్89లో సరైన కోడ్ వేయలేం. మేం పాటించే ఐసీడీ-10-సీఎం (ఆ అంతర్జాతీయ వర్గీకరణకు అమెరికా రూపం) నియమాల్లో ఒక మంచి మాట ఉంది. జబ్బు ఉందని డాక్టరే రాయాలి, కానీ ఈ పుండు స్టేజ్‌ని నర్సు రాసిన నోట్స్ నుంచి తీసుకోవచ్చు. వెతుక్కుంటూ వెళ్లాను. తెల్లవారుజామున 4 గంటలప్పటి నర్సెస్ నోట్స్‌లో ఉంది: కుడి మడమ, చర్మం చిట్లలేదు, ఎర్రగా ఉంది, వేలితో నొక్కితే తెల్లబడటం లేదు, స్టేజ్ 1. మామూలు ఎరుపైతే నొక్కగానే తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. తెల్లబడలేదంటే లోపల దెబ్బ మొదలైనట్టు. ఎవరో ఒక నర్సు, అందరూ నిద్రపోయే వేళ, ఆ ముసలావిడ కాలు పైకెత్తి మడమ మీద వేలు పెట్టి చూసింది. చూసి ఊరుకోకుండా రాసింది. ఆమె ముఖం నేను ఎప్పటికీ చూడను. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. 27 ఏళ్లు నేనూ అలాంటి వాక్యాలే రాశాను, వాటిని ఎవరు చదువుతారులే అనుకుంటూ. ఇప్పుడు చదివేదాన్ని నేనే.

ఇది చదివి మిగతా నర్సులు పరిగెత్తుకుని ఈ పనిలోకి రావాలని చెప్పడం లేదు. మొదట్లో జీతం నా పాత జీతం కంటే బాగా తక్కువ. రోజుకు ఇన్ని రికార్డులని టార్గెట్ ఉంటుంది, ఆ టెన్షన్ వేరు. ఎక్కువసేపు కూర్చోవడం కూడా నడుముకు మంచిది కాదు. ముప్పావుగంటకోసారి లేచి నడుస్తాను, ఆ మాట చేరేముందే ఒప్పించుకున్నాను. అన్నిటికంటే, మనుషులు లేని లోటు ఉంది. "సిస్టర్" అని ఎవరైనా పిలిస్తే నా తల ఇప్పటికీ తిరుగుతుంది. మానేసేవాళ్లందరూ నడుము నొప్పితోనే మానేయరు, మనసు అలిసిపోయి వచ్చేసేవాళ్లూ ఉన్నారు. పని తెచ్చే ఆ అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన కొత్త వర్గీకరణలో బర్నౌట్ అన్న పేరుతో వివరించింది. అలా వచ్చినవాళ్లకు మళ్లీ ఆసుపత్రి వాసన ఉన్న పని ఏదీ వద్దనిపించొచ్చు. ఆ ఇష్టాన్నీ గౌరవించాలి.

నర్సింగ్ మానేస్తే బతుకు అయిపోయినట్టు మాట్లాడేవాళ్లు చాలామంది ఎదురయ్యారు. వాళ్లకు నేను సిసిలీ సాండర్స్ గురించి చెబుతాను. ఆమె రెండో ప్రపంచ యుద్ధకాలంలో నర్సుగా శిక్షణ పొందారు. నడుము నొప్పి వల్లే, నా లాగే, ఆ పని వదలాల్సి వచ్చింది. ఆసుపత్రిలో రోగుల సామాజిక అవసరాలు చూసే ఉద్యోగంలోకి మారారు. అక్కడ చనిపోతున్నవాళ్ల నొప్పిని దగ్గరగా చూసి, 33 ఏళ్ల వయసులో వైద్యవిద్యలో చేరారు. 1957లో డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో చివరిదశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ తెరిచేనాటికి ఆమెకు 49 ఏళ్లు. ఇవాళ చివరిదశ రోగులకు అందుతున్న ఉపశమన వైద్యం చాలావరకు ఆ ఇంటి నుంచి నడిచివచ్చిందే. ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను అందరూ దీపంతోనే గుర్తుపెట్టుకుంటారు. క్రిమియా యుద్ధం నుంచి 1856లో తిరిగొచ్చాక ఆరోగ్యం చెడి ఆమె చాలా ఏళ్లు మంచం పట్టారు. ఆ మంచం మీద నుంచే మరణాల లెక్కలు తీశారు, ఆసుపత్రులన్నీ జబ్బుల వివరాలను ఒకే తీరుగా నమోదు చేయాలని 1860లో ప్రతిపాదించారు. నేను రోజూ చేసే పనికి ఆమె ఆలోచన దగ్గరి చుట్టం. వాళ్లిద్దరి చదువు, పలుకుబడి నాకు లేవు. కానీ వాళ్లు రెండో పనిలోకి వెళ్లేటప్పుడు మొదటి పనిని గుమ్మం దగ్గర వదిలేసి వెళ్లలేదు.

ఇక నేను అడగదలుచుకున్నది. ఆసుపత్రుల యాజమాన్యాలకు: దయచేసి ఆ ఫార్మాట్ మార్చండి. ఏ వార్డుల్లో ఎన్నేళ్లు చేసింది, ఎన్ని మంచాల బాధ్యత చూసింది, ఎంతమంది కొత్త నర్సులకు పని నేర్పింది, ఏ రిజిస్టర్లు ఆమె చేతిలో నడిచాయి, ఇవి మీ దగ్గర ఉన్న వివరాలే. అరపేజీ రాయడానికి పావుగంట పడుతుంది. ఆ అరపేజీ లేక నాకు 14 నెలలు పట్టింది. ఇంటర్వ్యూలు చేసే పిల్లలకు: ఎదురుగా యాభై దాటిన నర్సు కూర్చుంటే, ఇంకేమైనా చేశారా అని అడగకండి, ఒక్క రాత్రి డ్యూటీ చెప్పమనండి. సగం మీకు అర్థంకాదు, అడగండి, చెబుతుంది. మాకు వివరంగా చెప్పడం అలవాటే, రోజుకు రెండుసార్లు హ్యాండోవర్ ఇచ్చినవాళ్లం. నాతోటి నర్సులకు చెప్పేది ఇంకా సర్వీసులో ఉన్నప్పుడే మొదలుపెట్టమని. ట్రైనింగ్ కాగితాలు, రోస్టర్ మీరు వేసిన నెలలు, కమిటీల్లో ఉన్న రోజులు ఒక పుస్తకంలో రాసుకోండి. రోగుల పేర్లు వద్దు, మీ పని మాత్రం రాయండి. బయటికి వచ్చాక అవి ఎవరూ వెతికి ఇవ్వరు.

పోయిన ఆదివారం నాతో పనిచేసిన ఒకామె మా ఇంటికి వచ్చింది. 49 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, వచ్చే నెలాఖరుతో మానేస్తోంది. "అక్కా, నాకు ఈ పని తప్ప ఇంకేం రాదు" అంది. నోట్‌బుక్ తీసి ఒక్క రాత్రి చెప్పమన్నాను. పీడియాట్రిక్ ఐసీయూలో ఒక రాత్రి చెప్పడం మొదలుపెట్టింది. పసిపిల్లకు ఇచ్చే మందు డోసును బరువును బట్టి లెక్కగట్టి, పక్క నర్సుతో మళ్లీ లెక్క వేయించి, సిరంజి పంపులో పెట్టి, తల్లికి ఆ మాటే భయపడకుండా ఉండేలా చెప్పడం దాకా వచ్చింది. అప్పటికే మూడో పేజీలోకి వచ్చాను. ఆమె రాత్రిలో టైము ఇంకా 10 కూడా కాలేదు.

ఇట్లు,
ఒక మాజీ వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్